వరంగల్ లెక్కలను కలిపే పనికి డబ్బెవరిస్తారు?

2021 చివరి నెలల్లో ఉమ్మడి వరంగల్ జిల్లా మిర్చి చేలల్లో పూత నిలవలేదు. నల్ల తామర పురుగు పూల లోపల చేరి రసం పీల్చేసింది. త్రిప్స్ పార్విస్పైనస్ అనే ఈ పురుగు మన దేశంలో తొలిసారి 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనబడింది. 2021 మొదట్లో గుంటూరు మిర్చికి పట్టింది. తర్వాతి పంటకాలానికి ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, ములుగు వైపు వచ్చేసింది. కొట్టిన మందే మళ్ళీ మళ్ళీ కొట్టి, ఫలితం లేక చేను దున్నేసుకున్న రైతులు ఎందరో.

గుంటూరులో పురుగు కనబడటానికీ వరంగల్ జిల్లా నర్సంపేటలో పూత రాలడానికీ మధ్య నెలల వ్యవధి ఉంది. ఆ నెలల్లో ఎవరి దగ్గర ఉండాల్సిన సమాచారం వారి దగ్గర ఉంది. వర్షం, తేమ, ఉష్ణోగ్రతల లెక్క రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థ దగ్గర ఉంది. తెలంగాణ అంతటా దానికి వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారో వ్యవసాయ విస్తరణాధికారులు పంట నమోదులో రాస్తారు. పురుగుల ఉధృతి వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, మల్యాల ఉద్యాన పరిశోధన స్థానం శాస్త్రవేత్తల పరిశీలనలో ఉంటుంది. సరుకు రాక, ధర ఏనుమాముల మార్కెట్ యార్డు రిజిస్టర్లలో ఉంటాయి. ఉపగ్రహ చిత్రాలు హైదరాబాద్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) దగ్గర ఉంటాయి. వీటన్నిటినీ ఒకచోట పెట్టి లెక్క కట్టగల కంప్యూటర్ సైన్సు అధ్యాపకులు, విద్యార్థులు కాజీపేట దారిలో నిట్‌లోనే ఉన్నారు. కలిపి చూస్తే పురుగు రాకను ముందే పసిగట్టేవాళ్ళమని నేను ఖాయంగా చెప్పను. కలిపి చూడటం మాత్రం ఎవరి ఉద్యోగమూ కాలేదు, దానికంటూ ఎవరూ డబ్బు కేటాయించలేదు.

ఈ వ్యాసంలో చూడదలచుకున్నది ఆ డబ్బు సంగతే. ఒక ప్రాంతానికి చెందిన పెద్ద డేటాను నాలుగైదు సంస్థలు కలిసి సేకరించి, శుభ్రం చేసి, పరిశోధించాలంటే మన దేశంలో నిధులు ఎక్కడున్నాయి, అవి ఎవరికి అందుతున్నాయి, ఎక్కడ ఆగిపోతున్నాయి? యంత్రాలకు డబ్బుంది, ఒక్కో పరిశోధకుడికి విడివిడిగా కొంత డబ్బుంది. సంస్థల మధ్య జరగాల్సిన పనికి మాత్రం దాదాపు ఏమీ లేదని, వరంగల్ లాంటి చోట అసలు అడగాల్సింది ఆ డబ్బేనని నా అభిప్రాయం.

ఉన్న లెక్కలు, విరిగిన వరుసలు

సంస్థల విషయంలో వరంగల్ పేద ఊరు కాదు. దేశంలో మొదటి ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలకు 1959 అక్టోబరు 10న నెహ్రూ ఇక్కడ శంకుస్థాపన చేశారు. 2002లో అది నిట్ అయింది. కాకతీయ మెడికల్ కాలేజీ కూడా 1959 నాటిదే. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చింది. రాష్ట్రం ఏర్పడ్డాక కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం వచ్చింది. వ్యవసాయ కళాశాల ఉంది. ఉత్తర తెలంగాణ పేదలందరికీ ఎంజీఎం ఆసుపత్రి ఉంది. మడికొండలో 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సయెంట్ కార్యాలయాలు తెరిచాయి. ఇన్ని సంస్థలున్న ఊళ్ళు మన రెండు రాష్ట్రాల్లో హైదరాబాద్, విశాఖలను పక్కన పెడితే వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఇబ్బంది ఏమిటంటే వీటన్నిటికీ యజమాని ఒకరు కాదు. నిట్ కేంద్ర విద్యాశాఖది. కాకతీయ విశ్వవిద్యాలయం రాష్ట్ర ఉన్నత విద్యాశాఖది. పరిశోధన స్థానాలు వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాలవి, యార్డు మార్కెటింగ్ శాఖది, ఎంజీఎం వైద్య ఆరోగ్యశాఖది. ఒక ఫైలు నిట్ నుంచి ఏనుమాములకు చేరాలంటే ఢిల్లీ, హైదరాబాద్ రెండూ తిరిగి రావాలి. రెండింటి మధ్య దూరం మాత్రం ఆటోలో పోయేంతే.

దీనికి తోడు జిల్లా సరిహద్దులు. 2011 జనగణనలో వరంగల్ జిల్లా జనాభా 35,12,576. ఆ జిల్లా ఇప్పుడు లేదు. 2016 అక్టోబరు 11న అది అయిదుగా విడిపోయింది. అంతటితో ఆగితే పాత లెక్కను కొత్త జిల్లాలకు పంచుకోవడం తేలికే. కానీ కమలాపూర్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి కరీంనగర్ నుంచి ఇటు వచ్చాయి. గార్ల, బయ్యారం ఖమ్మం నుంచి మహబూబాబాద్‌లో కలిశాయి. చేర్యాల, మద్దూరు సిద్దిపేటకు పోయాయి. వాజేడు, వెంకటాపురం ఖమ్మం నుంచి భూపాలపల్లికి, 2019లో అక్కడి నుంచి కొత్త ములుగు జిల్లాకు వెళ్ళాయి. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది, మండలాలు మళ్ళీ అటూ ఇటూ మారాయి. పదిహేనేళ్ళ పత్తి దిగుబడి, ఇరవయ్యేళ్ళ మలేరియా, ముప్పయ్యేళ్ళ వర్షపాతం అంటూ ఏ వరుస తీసుకున్నా 2016 దగ్గర విరుగుతుంది. బిగ్ డేటా అనగానే కృత్రిమ మేధ, సూపర్ కంప్యూటర్లు మనసులో మెదులుతాయి గానీ, ఇక్కడ మొదటి పని మండలాల పాత కొత్త సరిహద్దుల పట్టిక వేసుకోవడం. ఆ పట్టికకు ఏ పత్రికలోనూ పరిశోధన వ్యాసం అచ్చు కాదు, ఎవరికీ ప్రమోషన్ రాదు.

ఇది చేయగలిగిన పనే అనడానికి మన పక్కనే ఉదాహరణ ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జిల్లా స్థాయి వ్యవసాయ డేటాను ఏళ్ళ తరబడి పోగుచేసి, తర్వాత విడిపోయిన జిల్లాల అంకెలను 1966 నాటి జిల్లాల్లోకి తిరిగి సర్ది ఒక వరుసగా ఇస్తోంది. ఆర్థికవేత్తలు దేశమంతటా దాన్ని వాడుకుంటారు. అంత ఓపిక పని మండల స్థాయిలో ఉమ్మడి వరంగల్‌కు ఎవరైనా చేసిపెడితే వ్యవసాయం, ఆరోగ్యం, వరదలు, చదువు, దేని మీద పరిశోధించేవారికైనా అదే పునాది అవుతుంది.

వరదల సంగతి కూడా చెప్పాలి. 2023 జులై చివరివారంలో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. అంతకుముందు రాష్ట్రంలో రికార్డు 2013లో వాజేడులో పడిన 517.5 మిల్లీమీటర్లది. మోరంచ వాగు మోరంచపల్లిని ముంచింది, జంపన్న వాగు కొండాయిని ముంచింది, వరంగల్ నగరంలో కాలనీలు నీళ్ళలో మునిగి భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. ఆ వాన పడినట్టు చెప్పగలిగే యంత్రం లక్ష్మీదేవిపేటలో ఉంది. ఆ నీళ్ళు ఏ చెరువు అలుగు దాటి ఏ వాగులో ఎన్ని గంటలకు ఏ ఊరికి చేరతాయో చెప్పాలంటే చెరువుల సామర్థ్యం, కాలువల వివరాలు, నేల ఎత్తుపల్లాలు, వాన లెక్క ఒకే చోటికి రావాలి. మిషన్ కాకతీయలో రాష్ట్రమంతటా చెరువులకు పూడిక తీసినప్పుడు చెరువుల వివరాలు విస్తారంగా నమోదయ్యాయి. వరంగల్ స్మార్ట్ సిటీకి 2016లో ఎంపికై కమాండ్ కంట్రోల్ కేంద్రం కట్టుకుంది. స్మార్ట్ సిటీ మిషన్ 2025 మార్చి 31తో ముగిసింది. కెమెరాల, సెన్సర్ల డబ్బు అయిపోయాక వాటిలోంచి వచ్చే డేటాను ఎవరు దాచాలి, ఎవరు చదవాలి అన్నది దేశంలోని వంద స్మార్ట్ నగరాల్లోనూ తేలాల్సిన విషయం.

ఆరోగ్యంలోనూ అంతే. 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఇంటింటికీ వెళ్ళి పెద్దవాళ్ళందరి రక్తపరీక్షలు, ఆరోగ్య వివరాలు నమోదుచేసే హెల్త్ ప్రొఫైల్ కార్యక్రమం ప్రయోగాత్మకంగా మొదలైంది. గిరిజన గూడేలున్న జిల్లాకు అలాంటి లెక్క ఎంత విలువైనదో వైద్య కళాశాల వారిని అడిగితే చెబుతారు. ప్రభుత్వ కార్యక్రమంగా మొదలైన లెక్క పరిశోధన వనరుగా నిలవాలంటే మళ్ళీ మళ్ళీ ఆ ఇళ్ళకే వెళ్ళాలి. దానికి ఏటా ఖర్చవుతుంది.

డబ్బు ఎక్కడుంది

మన దేశం పరిశోధన మీద పెట్టే ఖర్చు 2020-21 లెక్కన జీడీపీలో 0.64 శాతం. అంత చిన్న కుండలోంచే అందరూ తోడుకోవాలి. డేటా పరిశోధనకు ప్రత్యేకంగా కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ పదేళ్ళ కిందట ఒక బిగ్ డేటా కార్యక్రమం నడిపింది. 2018 డిసెంబరులో 3,660 కోట్లతో సైబర్ ఫిజికల్ సిస్టమ్స్ జాతీయ మిషన్ వచ్చింది, దాని కింద 25 హబ్‌లు పెట్టారు. అందులో డేటా హబ్ గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీకి దక్కింది. ఐహబ్-డేటా అంటే అదే. రోడ్డు రవాణా, ఆరోగ్యం మీద అక్కడ మంచి పని జరిగింది. కానీ హబ్ అన్న మాట వినగానే చుట్టుపక్కల జిల్లాలకు వాటా ఉంటుందని అనుకోనక్కర్లేదు. ఆ 25 హబ్‌లనూ అంశాల వారీగా పంచారు, ప్రాంతాల వారీగా కాదు.

2024 ఫిబ్రవరి 5 నుంచి అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ అమల్లోకి వచ్చింది. అంతవరకు పరిశోధన గ్రాంట్లు ఇచ్చిన పాత సెర్బ్ అందులో కలిసిపోయింది. 2023 నుంచి 2028 వరకు 50,000 కోట్లు సమీకరించాలన్నది లక్ష్యం. అందులో 14,000 కోట్లు కేంద్ర బడ్జెట్‌ది, తక్కిన 36,000 కోట్లు పరిశ్రమలు, దాతల నుంచి రావాలి. వరంగల్‌కు సంబంధించినంత వరకు ఈ ఫౌండేషన్ పథకాల్లో ముఖ్యమైనది పెయిర్. జాతీయ ర్యాంకుల్లో పైనున్న సంస్థ హబ్ అవుతుంది, రాష్ట్ర విశ్వవిద్యాలయాలు, ఎంపిక చేసిన నిట్‌లు స్పోక్‌లుగా చేరతాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల చేయి పట్టుకుని నడిపించాలన్న ఉద్దేశం గొప్పది, నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అయితే ఇక్కడా కలిపేది పరిశోధనాంశమే. హబ్ ఎక్కడో ఉంటుంది, స్పోక్‌లు వేర్వేరు చోట్ల ఉండవచ్చు. హనుమకొండలో పక్కపక్కనే ఉన్న రెండు సంస్థలు, ఒక మార్కెట్ యార్డు, ఒక ఆసుపత్రి కలిసి ‘మా ఆరు జిల్లాల లెక్క మేము చూసుకుంటాం’ అంటే ఆ చట్రంలో ఇమడదు.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల అధ్యాపకులకు సెర్బ్ 2022లో పెట్టిన ష్యూర్ పథకం కింద మూడేళ్ళకు 30 లక్షల దాకా ఇచ్చారు. దీన్ని ఒక్కసారి లెక్కగట్టి చూద్దాం. జూనియర్ రీసెర్చ్ ఫెలోకు 2023 జనవరి నుంచి నెలకు 37,000, మూడో ఏడాది సీనియర్ అయ్యాక 42,000. మూడేళ్ళకు ఒక్క ఫెలోకే, ఇంటి అద్దె భత్యం కలపకుండా, దాదాపు 14 లక్షలు. మిగిలిన దాంట్లో పరికరాలు, ప్రయాణాలు, ఇతర ఖర్చులు. అంటే ఒక అధ్యాపకుడు, ఒక విద్యార్థి, ఒక పీహెచ్‌డీ. మంచిదే. కానీ ఆ విద్యార్థి పోగుచేసిన డేటా ఆయన లాప్‌టాప్‌తోపాటే వెళ్ళిపోతుంది. తర్వాత వచ్చిన వాళ్ళు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతారు. మన విశ్వవిద్యాలయాల్లో ఎన్ని సర్వేలు ఇలా బైండింగ్ చేసిన థీసిస్‌ల చివరి పేజీల్లో ఆగిపోయాయో తలుచుకుంటే బాధేస్తుంది.

యంత్రాల విషయం ఇప్పుడు అంత కష్టం కాదు. 2024 మార్చి 7న 10,371.92 కోట్లతో ఆమోదం పొందిన ఇండియా ఏఐ మిషన్ కింద జీపీయూలు గంటకు 100 రూపాయల లోపు అద్దెకు దొరుకుతున్నాయి. వెయ్యి గంటలు వాడినా లక్ష దాటదు. నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ యంత్రం సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీలో ఉంది. మరి ప్రతిపాదనలు రాసేవాళ్ళు ఇంకా సర్వర్ల చుట్టూనే బడ్జెట్ ఎందుకు అల్లుతున్నారు? పరికరం కొంటే రసీదు ఉంటుంది, ఆడిట్‌కు నిలుస్తుంది, ప్రారంభోత్సవానికి పనికొస్తుంది. ఏనుమాముల రిజిస్టరులోని అయిదేళ్ళ ధరలను ఒక క్రమంలో పెట్టినందుకు ఏ శీర్షిక కింద ఖర్చు చూపించాలి? ఇప్పుడున్న నమూనా పత్రాల్లో దానికి గడి లేదు.

రాష్ట్రం వైపు చూస్తే కదలిక ఉంది. 2016లోనే తెలంగాణకు ఓపెన్ డేటా విధానం వచ్చింది. 2023 ఆగస్టు 11న వ్యవసాయ డేటా ఎక్స్చేంజి ప్రారంభమైంది, ప్రపంచ ఆర్థిక వేదిక, బెంగళూరు ఐఐఎస్‌సీల తోడ్పాటుతో. 2025 జులైలో టీజీడెక్స్ అనే డేటా వేదిక వచ్చింది. డేటా మార్పిడికి వేదికలు కట్టడంలో మన రాష్ట్రం దేశంలో ముందుందన్నది నిజం. కానీ వేదిక మీదకు ఎక్కించాల్సిన డేటాను జిల్లాలో కూర్చుని తయారుచేసేవాళ్ళకు జీతం ఎవరిస్తారన్నది ఆ ప్రకటనల్లో కనబడదు. కేంద్ర ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయం ప్రోత్సహించే శాస్త్ర సాంకేతిక క్లస్టర్లలో హైదరాబాద్‌కు రిచ్ ఉంది. వరంగల్‌కు అలాంటిదేమీ లేదు.

బయటివాళ్ళు ఎలా చేశారు

ప్రాంతాన్నే ఆధారం చేసుకుని డేటా పరిశోధనకు డబ్బిచ్చిన దేశం అమెరికా. 2015 నవంబరులో అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ దేశాన్ని ఈశాన్యం, దక్షిణం, మధ్యపశ్చిమం, పశ్చిమం అని నాలుగు భాగాలు చేసి ఒక్కోదానికి ఒక బిగ్ డేటా హబ్ పెట్టింది. ఒక్కో హబ్‌కు దాదాపు 12.5 లక్షల డాలర్లు. అమెరికా లెక్కల్లో అది చిన్న మొత్తం. ఆ డబ్బు పరిశోధనకు కాదు. విశ్వవిద్యాలయాలు, నగరపాలక సంస్థలు, ఆసుపత్రులు, కంపెనీలు ఒకచోట కూర్చుని తమ ప్రాంతానికి ఏ సమస్య ముఖ్యమో తేల్చుకోవడానికి, ఎవరి దగ్గర ఏ డేటా ఉందో తెలుసుకోవడానికి ఇచ్చారు. ఆ తర్వాత స్పోక్ ప్రాజెక్టులకు పిలుపునిచ్చారు. అప్పుడు ఒక్కో ప్రాజెక్టుకు పది లక్షల డాలర్ల వరకు వచ్చింది. ఇంకా సిద్ధంగా లేని బృందాలకు సన్నాహక గ్రాంట్లు లక్ష డాలర్ల చొప్పున విడిగా ఇచ్చారు. 2019లో హబ్‌లను మరో నాలుగేళ్ళకు కొనసాగించారు.

నాకు ఇందులో నచ్చింది ఆ వరుస. ముందు పరిచయానికి డబ్బు, తర్వాత సన్నాహానికి, ఆ తర్వాతే పరిశోధనకు. మన దగ్గర మూడూ ఒకే ప్రతిపాదనలో, ఒకే గడువులో ఉండాలి. పిలుపు వెలువడిన ఆరేడు వారాల్లో నాలుగు సంస్థల అధిపతుల సంతకాలు సంపాదించాలి. దాంతో ఏం జరుగుతుంది? కలిసి పనిచేయాలన్న కోరికతో కాక, సంతకం తొందరగా పెట్టే మిత్రుడెవరన్న ఆలోచనతో భాగస్వాములను ఎంచుకుంటారు. ఎంఓయూ ఫొటో పేపర్లో పడుతుంది, డేటా మాత్రం కదలదు.

మన నేల మీద నిలిచిన డేటా కథలు వేరు. ఇక్రిశాట్ 1975లో ఆరు గ్రామాల్లో ఇంటింటి లెక్క మొదలుపెట్టింది. పాలమూరు జిల్లా ఔరేపల్లి, దోకూరు అందులో ఉన్నాయి. పరిశోధకులు అక్కడే ఉండి రైతు కుటుంబాల ఆదాయం, కూలి, తిండి, అప్పు రాసుకున్నారు. ప్రపంచమంతటా ఆర్థికశాస్త్ర విద్యార్థులు పాలమూరు పల్లెల్ని ఆ అంకెల ద్వారానే ఎరుగుదురు. 1985లో ఆ సేకరణ ఆగింది. మళ్ళీ మొదలైంది 2001లో. మధ్యలో పదహారేళ్ళ ఖాళీ, సరిగ్గా మన పల్లెలు అన్ని విధాలా మారిన కాలం. 2009 నుంచి గేట్స్ ఫౌండేషన్ సొమ్ముతో అది విస్తరించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,000 మంది పిల్లలను 2001-02 నుంచి వెంబడిస్తున్న యంగ్ లైవ్స్ అధ్యయనాన్ని నడిపేది ఆక్స్‌ఫర్డ్, ప్రధానంగా డబ్బిచ్చింది బ్రిటిష్ ప్రభుత్వం. మన పిల్లల ఎత్తు, బరువు, చదువు లెక్కలు బ్రిటన్ డేటా భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. వాళ్ళు దాచినందుకు కృతజ్ఞత ఉంది. మనం దాచుకోలేకపోయినందుకు చింతా ఉంది.

వరంగల్ పత్తి మీద ఎక్కువమంది ప్రస్తావించే పరిశోధన కూడా ఒక అమెరికన్ మానవశాస్త్రవేత్తదే. 1997-98లో పురుగు పత్తిని తినేసి వరంగల్ రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కదిలించాక, గ్లెన్ డేవిస్ స్టోన్ ఏళ్ళ తరబడి ఈ పల్లెల్లో ఏ రైతు ఏ సంవత్సరం ఏ బ్రాండు విత్తనం కొన్నాడో రాసుకుంటూ పోయాడు. 2007లో కరెంట్ ఆంథ్రొపాలజీ పత్రికలో వచ్చిన ఆయన వ్యాసం, ఊరికో బ్రాండు మోజు ఏడాదికోసారి మారిపోతోందని, స్వయంగా పరీక్షించి ఎంచుకునే నైపుణ్యాన్ని రైతు కోల్పోతున్నాడని చూపింది. ఆయన చేతిలో ఉన్నది బిగ్ డేటా కాదు. ఓపికగా, వరుసగా, అవే ఊళ్ళలో తీసుకున్న లెక్క. ఇప్పుడు విత్తన కంపెనీల అమ్మకాలు, పంట నమోదు, ఉపగ్రహ చిత్రాలు కలిపితే అదే ప్రశ్నను ఆరు జిల్లాలకూ అడగవచ్చు.

ఖమ్మంలో జరిగిన సాగు బాగు ఇంకో తీరు. మిర్చి రైతులు 7,000 మందితో మొదలైన ఈ ప్రయోగంలో ప్రభుత్వం, ప్రపంచ ఆర్థిక వేదిక, డిజిటల్ గ్రీన్, గేట్స్ ఫౌండేషన్ భాగస్వాములు. దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందు వాడకం 9 శాతం తగ్గిందని ప్రపంచ ఆర్థిక వేదిక ప్రకటించింది. మంచి ఫలితాలే. కానీ ఈ అంకెలు చెప్పింది కార్యక్రమం నడిపినవాళ్ళే. అలాంటి ఫలితాలను బయటి నుంచి సరిచూసే స్థానిక విశ్వవిద్యాలయ బృందం ఒకటి ఉండాలి, దానికి వేరే డబ్బుండాలి. కాకతీయ విశ్వవిద్యాలయానికి ఇంతకు మించిన పని ఏముంటుంది?

చేతికి వచ్చాక

గ్రాంటు మంజూరైనంత మాత్రాన కష్టాలు తీరవు. ఆర్థిక సంవత్సరం చివరికి ఖర్చు కాని డబ్బు వెనక్కి పోతుంది. జూన్, జులైలో మొదలయ్యే వానాకాలం పంటను వెంబడించే ప్రాజెక్టుకు డబ్బు డిసెంబరులో వస్తే ఆ ఏడాది పొలం పని పోయినట్టే. కొనుగోళ్ళలో కొంత సడలింపు వచ్చింది. 2025 జూన్‌లో కేంద్ర ఆర్థికశాఖ శాస్త్ర పరికరాలను ప్రభుత్వ కొనుగోళ్ళ జెమ్ పోర్టల్ బయట కొనేందుకు సంస్థల అధిపతులకు అధికారమిచ్చింది, నేరుగా కొనే పరిమితిని లక్ష నుంచి రెండు లక్షలకు పెంచింది. మనుషుల నియామకంలో మాత్రం అలాంటి సడలింపు లేదు. 37,000కు వచ్చే ఫెలో చేతికి మడికొండ కంపెనీ నుంచి ఆఫర్ లెటర్ వస్తే అతన్ని ఆగమని ఏ ప్రధాన పరిశోధకుడు (పీఐ) అడగగలడు?

వైద్య డేటా అయితే ప్రతి సంస్థలోనూ ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. విదేశీ నిధి అయితే ఆరోగ్యశాఖ స్క్రీనింగ్ కమిటీకి కూడా వెళ్ళాలి. ఇవి ఉండాలి, ఉండి తీరాలి. వాటికి పట్టే కాలాన్ని ప్రాజెక్టు కాలంలో కలపడమే అన్యాయం. 2023 ఆగస్టులో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిశోధనకు, గణాంకాలకు మినహాయింపు ఇచ్చింది, ఒక వ్యక్తి గురించి నిర్ణయం తీసుకోవడానికి ఆ డేటాను వాడకూడదన్న షరతుతో. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. పంట నమోదులో రైతు పేరు, సర్వే నంబరు ఉంటాయి. రేపు బ్యాంకు అప్పు ఇవ్వాలా వద్దా అని చూసుకోవడానికి ఆ లెక్క పనికొచ్చేలా ఉంటే అది పరిశోధన కాదు. ఈ గీతను ప్రతిపాదనలోనే స్పష్టంగా గీయని బృందానికి ఎవరూ డబ్బివ్వకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక డేటా అర్థం తెలిసిన మనుషుల సంగతి. ఏనుమాములలో పొద్దున జెండా పాట పాడతారు. ఆ రోజు తేజ రకం మిర్చికో చపాటాకో పలికిన గరిష్ఠ ధర అదే, పేపర్లో వచ్చేదీ అదే. యార్డులో ఉన్న బస్తాల్లో ఎక్కువ భాగం దానికంటే చాలా తక్కువకు పోతాయి. తేమ, రంగు, తాలు చూసి ఖరీదుదారు ధర తగ్గిస్తాడు. ఈ తేడా తెలియని కంప్యూటర్ విద్యార్థి జెండా పాట ధరనే రైతు ఆదాయంగా తీసుకుంటే మోడల్ ఎంత అందంగా ఉన్నా ఫలితం తప్పే. రైతు చేతికొచ్చే అమ్మకపు చీటీ, తక్‌పట్టీలో అసలు ధర ఉంటుంది. ఈ సంగతి తూకం వేసే దడ్వాయికి, గుమస్తాకు, రైతుకు తెలుసు. వాళ్ళ సమయానికి ప్రతిపాదనలో గౌరవ వేతనం పెట్టాలి. ‘స్థానిక భాగస్వామ్యం’ అని ఒక పేరా రాసి వదిలేయకూడదు. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తులో తిమ్మంపేట రైతు ఉత్పత్తిదారుల కంపెనీ ముందుంది. రైతు సంఘం అలాంటి పని నడపగలదని అది రుజువు. అలాంటి కంపెనీ డేటా ప్రాజెక్టులో సహభాగస్వామిగా సంతకం చేయడానికి అడ్డేముంది?

కంపెనీల డబ్బు గురించి కూడా ఒక మాట. 2019లో కంపెనీల చట్టం ఏడో షెడ్యూలును మార్చి, ప్రభుత్వ విశ్వవిద్యాలయాల పరిశోధనకు సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధులు ఇవ్వవచ్చన్నారు. ఇది చాలామంది రిజిస్ట్రార్లు తలుపు తట్టి అడగని నిధి. పూర్వ విద్యార్థుల సంగతీ అంతే. నిట్, కాకతీయ మెడికల్ కాలేజీల పాత విద్యార్థులు అమెరికా నిండా ఉన్నారు. వాళ్ళు భవనాలకూ గేట్లకూ ఇచ్చే విరాళాల్లో కొంత, అయిదేళ్ళపాటు ఒక డేటా నిర్వాహకుడి జీతానికి వస్తే, ఏ ప్రభుత్వ పథకమూ ఇవ్వని పోస్టు వరంగల్‌కు దక్కుతుంది.

అందుకే వరంగల్ సంస్థలు వెళ్ళి అడగాల్సిన మొదటి గ్రాంటు చిన్నదిగా ఉండాలని నా మాట. ఒక ఏడాది. నలుగురు మనుషులు: డేటా నిర్వాహకుడొకరు, క్షేత్రంలో తిరిగేవారు ఇద్దరు, ఒప్పందాలు, అనుమతుల ఫైళ్ళు నడిపేవారొకరు. మూడే లెక్కలు: మండలాల వారీ రోజువారీ వర్షం, మిర్చి పంట నమోదు, ఏనుమాముల తక్‌పట్టీ ధరలు. పీఐ నిట్ నుంచి, సహ పీఐలు కాకతీయ విశ్వవిద్యాలయం, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి, డేటా దాచే బాధ్యత రాతపూర్వకంగా ఒక్క సంస్థది. ఇంత డబ్బు కేంద్ర ఫౌండేషన్ ఇవ్వకపోతే రాష్ట్రం ఇవ్వగలదు, రాష్ట్రం ఇవ్వకపోతే సీఎస్‌ఆర్‌లో దొరుకుతుంది.

ఆ ఏడాదిలో తక్కినవేవీ పూర్తికాకున్నా సరిహద్దుల పట్టిక పూర్తికావాలి. జనగణన కోసం దేశమంతటా పరిపాలనా సరిహద్దులను 2025 డిసెంబరు 31 నాటికి స్థిరపరిచారు. జనాభా లెక్కింపు 2027 ఫిబ్రవరిలో. పదహారేళ్ళ తర్వాత వస్తున్న ఊరూరి అంకెలు అవి. 2011 గ్రామాల కోడ్‌లను ఇప్పటి ఆరు జిల్లాల మండలాలతో జతచేసి పెట్టుకుంటే, ఆ అంకెలు విడుదలైన వారంలోనే పోల్చి చూడవచ్చు. రెండో గ్రాంటుకు ప్రతిపాదన రాసేటప్పుడు జతచేయడానికి అంతకంటే బలమైన కాగితం ఉండదు.